పట్టాలు తుడిచి తుడిచి, చివరికి చక్రాల దగ్గరికి

నవంబర్ 2, 2025, ఆదివారం

ఈ రోజు కూడా నా బొమ్మ రైలు ఇంజన్ అదే చోట ఆగింది. మలుపు దాటి, స్టేషనుకి ఇంకా జానెడు దూరం ఉందనగా ఒకసారి ఊగి, ముందు లైటు ఆరిపోయి నిలబడింది. వేలితో కొంచెం తోస్తే కదిలింది. రెండడుగులు పోయి మళ్లీ ఆగింది.

మేడ మీద గదిలో 8×4 ప్లైవుడ్ షీటు మీద ఈ లైను వేసి పది నెలలైంది. హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు సైజులో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఒక చుట్టు పదహారు అడుగుల పైచిలుకు. ఫలక్‌నుమా, నారాయణాద్రి, జన్మభూమి ఆగే మా మిర్యాలగూడ స్టేషన్‌ని మనసులో పెట్టుకుని చేస్తున్నాను. పెద్ద ఇంజన్ ఆల్కో అనే అమెరికన్ కంపెనీ డీజిల్ ఇంజన్ మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. మన రైల్వే డీజిల్ ఇంజన్ డబ్ల్యూడీఎం-2 కూడా ఆల్కో డిజైనే కాబట్టి రంగు మార్చి మన బండిలా చేసుకున్నాను. ఇది కాక ఒక చిన్న ఆవిరి ఇంజన్, రబ్బరు పట్టీల చక్రాలున్న ఒక ఎలక్ట్రిక్ ఇంజన్ ఉన్నాయి. మూడూ ఆగుతున్నాయి, కాకపోతే ఆల్కో ఎక్కువ.

ఆగినప్పుడల్లా పట్టాలు తుడవడమే నాకు అలవాటు. మొబైల్ రిపేరు షాపు నాది, ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా ఎప్పుడూ చేతికిందే ఉంటుంది. గుడ్డకి రాసి పదహారు అడుగులూ తుడుస్తాను. ఓ గంట బాగా నడుస్తుంది. తర్వాత మళ్లీ మొదటికే. పది నెలలుగా ప్రతి ఆదివారం ఇదే పని.

ఈ రోజు కంట్రోలర్ పక్కన పెట్టి, షాపు నుంచి తెచ్చిన 15 వోల్టుల డీసీ సప్లై కలిపాను. అందులో కరెంటు ఎంత లాగుతోందో అంకెల్లో కనిపిస్తుంది. 6 వోల్టుల దగ్గర 0.21, 0.22 ఆంపియర్లు చూపిస్తూ ఉండి, ఒక్కసారిగా 0.00. మళ్లీ 0.19. మళ్లీ 0.00. మోటారు బిగుసుకుంటే కరెంటు పెరగాలి. సున్నా అయిందంటే కరెంటు అసలు లోపలికి పోవడం లేదు. పట్టా పొద్దున్నే తుడిచాను, తెల్లగుడ్డకి మరక కూడా అంటలేదు. ఇక మిగిలింది చక్రమే.

నవంబర్ 5, బుధవారం

కార్తీక పౌర్ణమి. మేడ నిండా దీపాలు. ఐపీఏకి నిప్పు అంటుకోవడానికి క్షణం చాలు. సీసా కిందికి దించేసి తాళం వేశాను. పని లేదు.

నవంబర్ 9, ఆదివారం

అసలు రైలుకీ మన బొమ్మ రైలుకీ కరెంటు విషయంలో ఒక పెద్ద తేడా ఉంది. అసలు ఎలక్ట్రిక్ ఇంజన్ పైన తీగ నుంచి 25,000 వోల్టులు తీసుకుంటుంది, చక్రాల ద్వారా పట్టాలోకి తిరిగి పంపుతుంది. మన దగ్గర పైన తీగ ఉత్తుత్తిదే. ఒక పట్టా ప్లస్, ఇంకోటి మైనస్. రావడమూ పోవడమూ రెండూ చక్రాల మీదుగానే. అసలు డబ్ల్యూడీఎం-2 చక్రం వ్యాసం కొత్తగా ఉన్నప్పుడు 1092 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే పన్నెండున్నర. అంత చిన్న చక్రం పట్టాని తాకే చోటు ఎంతుంటుంది? సూదిమొనంత. ఆ సూదిమొన మీద మురికి పొర ఉంటే అంతే సంగతులు.

ఇక్కడ మాట ఒకటి. మనం పెట్టెను బోగీ అంటాం, రైల్వేవాళ్లు పెట్టె కింద చక్రాలుండే చట్రాన్ని బోగీ అంటారు. తికమక లేకుండా ఆ చట్రాన్ని నేను ట్రక్కు అంటాను. ఆల్కోకి ముందొక ట్రక్కు, వెనకొక ట్రక్కు, ఒక్కోదానికి మూడు ఇరుసులు. మొత్తం పన్నెండు చక్రాలు.

ముందు ట్రక్కు కింది మూత గోటితో విప్పి, ఒక ఇరుసు బయటికి తీసి షాపు మైక్రోస్కోపు కింద పెట్టాను. మామూలు కంటికి చక్రం అంచు కొంచెం నల్లగా, అంతే. 20 రెట్లు పెద్దది చేసి చూస్తే చుట్టూ తారు రోడ్డు వేసినట్టుంది. నున్నగా, జిగటగా, మధ్యమధ్యలో మెరిసే నలుసులు. పుల్లతో గీకితే పొడిలా రాలలేదు, పట్టీలా లేచింది. ఇరుసు మీద గేరు పక్కన రెండు వెంట్రుకలు, కార్పెట్ నూలు పోగు ఒకటి చుట్టుకుని ఉన్నాయి.

ఈ పొర ఎలా తయారవుతుందంటే: గేర్లకి వేసిన నూనె జారి చక్రం మీదికి వస్తుంది. దానికి గదిలో దుమ్ము అంటుకుంటుంది. చక్రానికీ పట్టాకీ మధ్య కంటికి కనపడనంత చిన్న నిప్పురవ్వలు పుడుతుంటాయి, వాటివల్ల లోహం మాడి నల్లటి ఆక్సైడ్ అవుతుంది. అంతా కలిసి తిరుగుడుకి ఒత్తుకుని గట్టిపడుతుంది.

ఆ మెరిసే నలుసులు మాత్రం మా ఊరి సొత్తు. మా గది కిటికీ రైస్ మిల్లుల వైపు. వానాకాలం పంట కోతలయ్యాక వడ్ల లారీలు వరసలు కడతాయి, మిల్లుల బాయిలర్లు ఊకతోనే మండుతాయి. పొద్దున్నే చూస్తే కిటికీ గట్టు మీద బూడిద. ఊక బూడిదలో చాలా భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండేదే. కరెంటు పోనివ్వదు, పైగా గీతలు పెడుతుంది. కిటికీ పగుళ్లకి ఈ రోజే రబ్బరు పట్టీ అంటించాను. లైను మీద కప్పడానికి పాత దుప్పటి తీసి పక్కన పెట్టి, దాని బదులు ప్లాస్టిక్ షీటు తెచ్చాను. దుప్పటి పోగులే ఇరుసుకి చుట్టుకున్నాయేమోనని కూడా అనుమానం.

నాయిన పైకొచ్చాడు. రైల్వేలో కీమ్యాన్‌గా చేసి రిటైర్ అయ్యాడు, ఏళ్ల తరబడి పట్టా వెంబడి నడిచిన మనిషి.

"ఏంది రా, సెల్లు రిపేరా?"

"కాదు నాయినా, ఇంజన్ చక్రం. కరెంటు అందుతలేదు."

ఒక కన్ను మూసి మైక్రోస్కోపులో చూశాడు. "మా కాడ గూడ గిదే బిడ్డా. బండ్లు నడిచే మెయిన్ లైన్ పట్టా అద్దం లెక్క ఉంటది. నడవని లూపు తుప్పు పడ్తది. తుప్పు పట్టిన పట్టా మీద బండి నిలవడ్డా ఒక్కోసారి ప్యానెల్ మీద ఎర్రలైటు రాదు. స్టేషన్ మాస్టరుకు అదే టెన్షన్."

లూపు అంటే స్టేషన్‌లో మెయిన్ లైన్ పక్కన ఉండే లైను. ఆయన చెప్పేది ట్రాక్ సర్క్యూట్ గురించి. రెండు పట్టాల్లో చిన్న కరెంటు పారుతుంటుంది. బండి వస్తే చక్రాలు, ఇరుసు కలిసి ఆ రెంటినీ షార్ట్ చేస్తాయి, లైను ఖాళీగా లేదని దానివల్లే తెలుస్తుంది. మధ్యలో తుప్పు అడ్డొస్తే అన్ని టన్నుల ఇంజనే కరెంటుకి కనపడదు. నా ఇంజన్ బరువు అరకిలో కూడా లేదు.

నవంబర్ 9, రాత్రి

ఉగాదికి చేసిన తప్పు కూడా ఈ రోజే బయటపడింది. అప్పుడు ఎలక్ట్రిక్ ఇంజన్ ముందు ఇరుసు చక్రాలు రెంటిని 400 నంబరు ఎమిరీ పేపరుతో రుద్దాను. తళతళలాడుతుంటే బాగా చేశాననుకున్నాను. ఈ రోజు మైక్రోస్కోపు కింద చూస్తే దుక్కి దున్నిన చేనులా చాళ్లు. ప్రతి చాలులోనూ నల్లటి మురికి గట్టిగా కూరుకుని ఉంది. నికెల్ పూత పోయి లోపలి ఇత్తడి పసుపు కనిపిస్తోంది. రుద్దని చక్రం మీద పొర ఉంది గానీ కింద లోహం నున్నగానే ఉంది. ఆ పొర ఒక్కసారి తుడిస్తే వచ్చేసింది. రుద్దిన చక్రం నాలుగుసార్లు తుడిచినా చాళ్లలో నలుపు పోలేదు.

చక్రాన్ని గీకకూడదు, కరిగించి తుడవాలి. ఎమిరీ, బ్లేడు, స్క్రూడ్రైవరు మొన, ఇనుప పీచు, ఏదీ దగ్గరికి రానివ్వను ఇక. ఆ రెండు చక్రాలకి మెటల్ పాలిష్ రాసి, మెత్తటి గుడ్డతో చాలాసేపు తిప్పాను. చాళ్లు పోలేదు, కొంచెం నునుపైంది. కొత్త ఇరుసు దొరికితే మారుస్తాను.

నవంబర్ 16, ఆదివారం

ఈ రోజు ఆల్కో మొత్తం శుభ్రం చేశాను. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే భోజనాల వేళకి అయింది.

ముందు సులువైన పద్ధతి. కిచెన్ టిష్యూ ఒకటి మడిచి, పట్టాలకి అడ్డంగా పరిచి, రెండు పక్కలా టేపు వేశాను. చక్రాలు ఆనే చోట ఐపీఏ కొన్ని చుక్కలు. టిష్యూ తడవాలి గానీ కారకూడదు. ఇంజన్ ముందు ట్రక్కు టిష్యూ మీద, వెనక ట్రక్కు మామూలు పట్టా మీద ఉండేలా పెట్టి, చేత్తో కదలకుండా పట్టుకుని 6 వోల్టులు ఇచ్చాను. వెనక చక్రాలు కరెంటు తీసుకుంటాయి, మోటారు తిరుగుతుంది, షాఫ్టు రెండు ట్రక్కులనీ తిప్పుతుంది. ముందు చక్రాలు తడి టిష్యూ మీద రుద్దుకుంటాయి. ఐదారు సెకన్లు చాలు. ఇంజన్ ఎత్తి చూస్తే టిష్యూ మీద కాటుక గీసినట్టు రెండు నల్లటి చారలు. టిష్యూ జరిపి మళ్లీ. రెండోసారి చార బూడిద రంగు. నాలుగోసారికి ఏమీ లేదు. తర్వాత ఇంజన్‌ని తిప్పి వెనక ట్రక్కు.

జాగ్రత్త ఒకటే: మోటారు బ్రష్షుల దగ్గర నిప్పురవ్వ పుడుతుంది, ఐపీఏ ఆవిరి మండుతుంది. కిటికీ తెరిచి, చుక్కల లెక్కన వాడి, అది ఆరిందాకా ఆగి నడపాలి. గదిలో అగర్‌బత్తి కూడా వద్దు.

టిష్యూతో చక్రం అంచు శుభ్రపడింది, కానీ నా పని సగమే అయింది. కరెంటు చక్రం నుంచి లోపలికి పోయేది చక్రం వెనక వైపు ఆనే సన్నటి రాగి రంగు పట్టీల ద్వారా. ఫాస్ఫర్ బ్రాంజ్ పట్టీలు అవి. అక్కడ మురికి టిష్యూకి అందదు. అందుకే ట్రక్కులు రెండూ విప్పాను. విప్పేముందు ప్రతి అడుగులోనూ ఫోనుతో ఫోటో తీయడం షాపులో నేర్చుకున్న అలవాటు. ఇరుసు ఏ పక్కకి ఉందో మార్కరుతో చుక్క పెట్టాను. ఒక చక్రం ఇరుసుకి ఇన్సులేషనుతో ఉంటుంది, తిరగేసి బిగిస్తే షార్ట్ అవుతుంది.

ఇరుసులు ఆరూ తీసి, చక్రాల వెనక భాగాలు ఐపీఏ అద్దిన గుడ్డతో తుడిచాను. ఇయర్ బడ్ వాడలేదు, దూది పోగులు మళ్లీ ఇరుసుకే చుట్టుకుంటాయి. నాయిన పాత పంచె ముక్కలు వాడాను. ఉతికి ఉతికి ఇక పోగు రాలని గుడ్డ. బ్రాంజ్ పట్టీల కొసలు రెండు చక్రానికి దూరంగా వంగిపోయి ఉన్నాయి. పట్టకారుతో వెంట్రుకవాసి లోపలికి వంచాను. ఎక్కువ వంచితే చక్రం బిగుసుకుంటుంది, మైక్రోస్కోపు కింద ఆనుడు చూసుకుంటూ చేశాను.

గేర్ల మధ్య పాత గ్రీజు గట్టిపడి బెల్లం పాకంలా ఉంది. మొత్తం తీసేసి, ప్లాస్టిక్‌కి సరిపడే గ్రీజు ఆవగింజంత పెట్టాను. ఇరుసు కొసలకి సూదిమొనతో నూనె. ఎవరో చెప్పారని కొబ్బరినూనె వేయొద్దు. 24 డిగ్రీల కింద అది గడ్డకడుతుంది, మన చలికాలం పొద్దుల్లో గది అంతకన్నా చల్లబడుతుంది. తర్వాత బంకగా కూడా మారుతుంది. నూనె ఎక్కువైతే ఎక్కడికి పోతుందో ముందే రాశాను.

కొలతలు. మల్టీమీటర్ ప్రోబు మొన నేరుగా చక్రం మీద పెడితే అబద్ధపు రీడింగ్ వస్తుంది, మొన మురికిని చీల్చుకుని లోహానికి తగులుతుంది. అందుకని పట్టా ముక్క మీద చక్రాన్ని దాని బరువుతోనే నిలిపి, పట్టా ముక్కకీ మోటారు తీగకీ మధ్య కరెంటుకి ఎంత అడ్డుందో చూశాను. శుభ్రం చేయకముందు ముందు ట్రక్కు ఎడమ పక్క 30 నుంచి 70 ఓములు, నిలకడ లేదు. చేశాక 0.6, కదలకుండా.

మధ్యాహ్నం బిగించి పట్టా మీద పెట్టాను. వారం కింద 5.4 వోల్టులు ఇస్తే గానీ కదలని ఇంజన్ 3.1 దగ్గర కదిలింది. నత్తలా, చక్రం తిరుగుతోందా లేదా అని వంగి చూడాల్సినంత మెల్లగా. స్టేషన్ ముందు చోటు దాటింది. ఒక చుట్టు. రెండు. ఐదు. మీటరు అంకె 0.17 దగ్గరే ఉంది. సంతోషంతో కిందికి పోయి అందరినీ పిలుచుకొచ్చాను.

నవంబర్ 19, బుధవారం రాత్రి

చిన్న ఆవిరి ఇంజన్‌కి టిష్యూ పద్ధతి పనికిరాదు. మూడు ఇరుసులూ కడ్డీతో కలిసి ఉంటాయి, సగం టిష్యూ మీద సగం పట్టా మీద అంటే కరెంటు అందదు. ఫోము ముక్కలో గాడి కోసి ఇంజన్‌ని వెల్లకిలా పడుకోబెట్టి, సప్లై క్లిప్పులు రెండూ చక్రాల నుంచి కరెంటు తీసుకునే పట్టీలకి తగిలించి 4 వోల్టుల దగ్గర తిప్పాను. తిరుగుతున్న చక్రానికి పంచె గుడ్డ చుట్టిన ఐస్‌క్రీం పుల్ల ఆనించాను. బాగా వచ్చింది.

ఒక దగ్గర మురికి మొండిగా ఉంటే తొందరపడి నెయిల్ పాలిష్ రిమూవర్ చుక్క వాడాను. అందులో అసిటోన్ ఉంటుందని తెలుసు, చక్రం లోహమే కదా అనుకున్నాను. కానీ చక్రం ఆకుల మధ్య భాగం ప్లాస్టిక్. రెండు ఆకులు తెల్లబారి మెత్తబడ్డాయి. వెంటనే తుడిచినా ఆకారం కొంచెం చెడింది. చాలా బాధేసింది. ఆ ఇంజన్ నేను కొన్న మొదటిది.

నవంబర్ 23, ఆదివారం

ఆల్కో మళ్లీ మురికైంది. వారంలో మహా అయితే మూడు గంటలు నడిపి ఉంటాను. టిష్యూ మీద పెడితే మళ్లీ కాటుక చారలు. ఇంజన్ నూనె కాదు, ఆవగింజంతే వేశాను. కిటికీ మూసే ఉంది. మరి ఎక్కడిది?

పొద్దంతా ఆలోచించి చివరికి వెనక పెట్టెలు తిరగేశాను. తొమ్మిది గూడ్స్ పెట్టెలు, ఒక్కోదానికి నాలుగు ఇరుసులు. మొత్తం 72 చక్రాలు, అన్నీ ప్లాస్టిక్. ఒక్కో చక్రం మీద గోరు గుచ్చితే దిగేంత మందాన నల్లటి పొర! ఇంజన్ పన్నెండు చక్రాలు శుభ్రం చేసి, వెనక 72 మురికి చక్రాలు తగిలించాను. అవి పట్టాకి పూస్తాయి, పట్టా ఇంజన్‌కి పూస్తుంది. పది నెలలుగా నేను ప్రతి ఆదివారం పట్టా తుడిస్తే గంటలోనే మళ్లీ నల్లబడటానికి కారణం ఇదే.

సాయంత్రం నాయిన, నేను ఎదురెదురుగా కూర్చున్నాం. ఇరుసు తీసి, రెండు వేళ్ల మధ్య తిప్పుతూ ఐస్‌క్రీం పుల్ల అంచు ఆనిస్తే పొర సన్నటి నల్ల రిబ్బన్‌లా ఊడి వస్తోంది. ఆయన చూపు ఆనకపోయినా వేళ్లకి తెలుస్తుంది, "ఇంగ ఉన్నది" అంటూ మళ్లీ తిప్పేవాడు. తర్వాత తడిగుడ్డతో తుడుపు. రాత్రి పదిన్నర దాకా 44 అయ్యాయి.

నవంబర్ 24, సోమవారం

మిగతా 28. లోహపు చక్రాల ఇరుసులు 36 ఆర్డరు పెట్టాను. లోహం మీద పొర త్వరగా కట్టదు. తర్వాత పట్టాలన్నీ ఆఖరిసారి తుడిచాను. ఈసారి కుళాయి నీళ్ల గుడ్డ ముట్టలేదు. మా బోరు నీళ్లు ఆరితే తెల్లటి ఉప్పు మిగులుతుంది, పట్టా మీద కూడా అంతే.

నవంబర్ 30, ఆదివారం

పెయింటు షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్ తెచ్చి ఒక పోలిక పెట్టాను. ఆల్కో ముందు ట్రక్కుకి ఆఖరి తుడుపు ఐపీఏతో, వెనక ట్రక్కుకి ఆఖరి తుడుపు టర్పెంటైన్‌తో చేసి, పొడిగుడ్డతో ఆరబెట్టాను. టర్పెంటైన్ నెమ్మదిగా ఆరుతుంది, తొందరపడి నడిపితే జారుతుంది. అరగంట ఆగాను. ఎలక్ట్రిక్ ఇంజన్ రబ్బరు పట్టీలకి మాత్రం టర్పెంటైన్ తగలనివ్వలేదు, రబ్బరు ఉబ్బుతుంది. వాటికి కొంచెం తడి గుడ్డతో పైపైన తుడుపు, అంతే.

డిసెంబర్ 7, ఆదివారం

వారంలో ఆల్కో ఆరు గంటలు నడిచింది, రోజూ కొంత. ఒక్కసారి కూడా ఆగలేదు. 3.2 వోల్టుల దగ్గరే కదులుతోంది.

రెండు ట్రక్కులనీ పొడి తెల్ల టిష్యూ మీద తిప్పి చూశాను. ఐపీఏ వైపు లేత బూడిద చార. టర్పెంటైన్ వైపు వెతికితే గానీ కనపడని గీత. ఒక్క ఇంజన్, ఒక్క వారం లెక్క ఇది. వచ్చే వారం ట్రక్కులు మార్చి మళ్లీ చూస్తాను. ఇప్పటికైతే గట్టి మురికికి ఐపీఏ, ఆఖరి తుడుపుకి టర్పెంటైన్ అనే వరస పెట్టుకున్నాను.

లోహపు ఇరుసులు వచ్చాయి. ఐదు పెట్టెలకి సరిగ్గా కూర్చున్నాయి, నాలుగింటికి ఇరుసు కొంచెం పొడవై బిగుసుకుంటోంది. వాటికి వేరే కొలత కావాలి. అప్పటిదాకా ఆ నాలుగు పెట్టెలు ప్లాస్టిక్ చక్రాలతోనే, లూపు లైనులో.

ఆల్కో పెట్టె మూత లోపల తెల్ల స్టిక్కరు అంటించి రాశాను: "డిసెంబర్ 7. చక్రాలు 12, వెనక వైపులు కూడా. నూనె సూదిమొన. ఎమిరీ వద్దు."

కింద నాయిన పెన్ను తీసుకుని వంకర అక్షరాలతో ఇంకో మాట చేర్చాడు: "లూపుల కూడ రోజు ఒక బండి తిప్పు."